గోల్‌కీపర్ తల్లి కొట్టని దెబ్బ

బ్రాక్‌డెన్ జట్టు కప్పు గెలిచిన ఏడాది గురించి మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. ఫైనల్లో గోలు ఎవరు కొట్టారో చెబుతారు. పెనాల్టీని ఎల్లిస్ హోల్గేట్ ఏ చేత్తో ఆపాడో చెబుతారు. ఆ పూట లండన్‌లో గాలి ఎటు వీచిందో, రైలెక్కనివాళ్ళు కూడా చెబుతారు. అదే ఏడాది సమ్మె ఎలా పోయిందని అడిగి చూడండి. గొంతు సవరించుకుంటారు, టోపీ సర్దుకుంటారు, పనుందని లేచిపోతారు. అలా లేచిపోయేవాళ్ళ సంగతే ఇది. అందులోనూ ఎల్లిస్ తల్లి హెస్టర్ సంగతి.

పెద్ద యుద్ధానికి కొన్నేళ్ళ ముందు మాట. ఊళ్ళో మగ్గాలన్నీ విట్‌హామ్ దొరవి. ఫుట్‌బాల్ జట్టూ ఆయనదే. మైదానం ఆయనది, సగంమంది ఆటగాళ్ళు కాపురముండే ఇళ్ళు ఆయనవి. ఆ చలికాలం సమ్మె ఆవిరి మీద వచ్చింది. నూలు పోగు తెగకుండా ఉండాలంటే గాలిలో తేమ ఉండాలని, దొర నేత షెడ్డులోకి గొట్టాలు పెట్టి ఆవిరి వదిలేవాడు. పోగు తెగేది కాదు. మనుషులు తెగిపోయేవాళ్ళు. పొద్దున్నుంచీ ఆవిరిలో నానిన ఆడవాళ్ళు సాయంత్రం గేటు దాటి మంచులోకి వస్తే, ఒంటిమీది బట్ట ఇల్లు చేరేలోపు గట్టిపడిపోయేది. దగ్గు లేని ఇల్లు వీధిలో ఉండేది కాదు. ఆవిరి ఆపమని అడిగారు. మీ నిట్టూర్పులతో బట్ట నేయలేను అన్నాడు దొర. నేతగాళ్ళందరూ మగ్గాలు వదిలి బయటికొచ్చేశారు.

సరిగ్గా ఆ చలికాలమే జట్టు గెలవడం మొదలెట్టింది. ఎప్పుడూ మొదటి రౌండులోనే ఇంటికి తిరిగొచ్చే జట్టు ఒక్కో పెద్ద ఊరినీ ఓడించుకుంటూ పోయింది. పొద్దున దొర మిల్లు గేటు దగ్గర నిలబడి ఆయన్ని తిట్టిన జనమే, మధ్యాహ్నం ఆయన మైదానం గేటు దగ్గర చేతిలో ఉన్న చివరి నాణెం ఇచ్చి లోపలికి పోయి, ఆయన జట్టు కోసం గొంతు చించుకున్నారు. రెండు గేట్లూ ఒకడివే అని ఎవరికీ తట్టలేదని కాదు. తట్టింది. చూసీ చూడనట్టు ఉన్నారు.

మా ఊళ్ళో సమ్మె తప్పి పనికి పోయినవాళ్ళకి ఒక మర్యాద ఉంది. దాన్ని రేకుమోత అంటారు. సాయంత్రం మిల్లు కూత కూసేసరికి సమ్మెలో ఉన్నవాళ్ళు గిన్నె మూతలు, రొట్టె పెనాలు, పొయ్యి ఎగదోసే చువ్వలు పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. లోపల పని చేసి వచ్చిన మనిషి వెనకే నడుస్తారు. తిట్టకూడదు, ముట్టుకోకూడదు, దారి అడ్డగించకూడదు. ఇంటి గుమ్మం దాకా రేకులు కొట్టుకుంటూ పోవాలి, తలుపు మూసుకున్నాక ఇంకాసేపు కొట్టి వెనక్కి రావాలి. అంతే. దీనికో నియమం ఉంది. మొదటి దెబ్బ సొంతవాళ్ళు కొట్టాలి. తల్లో, అన్నో, అత్తో. ఎవరూ లేకపోతే పక్క మగ్గం మీద పనిచేసే మనిషి. పాత రోజుల్లో ఎవరి కక్షలు వాళ్ళు రేకుమోతలో తీర్చుకునేవాళ్ళట, అందుకని పెట్టారు. సొంతవాళ్ళ చెయ్యి లేవకుండా పరాయి చెయ్యి లేవకూడదు.

హెస్టర్ భర్త పోయిన మనిషి. నోరు పెద్దది, గుండె పెద్దది. షెడ్డులో ఆడవాళ్ళ తరఫున కార్మిక సంఘంలో మాట్లాడేది ఆవిడే. సమ్మె మొదలైన కొన్నాళ్ళకు, ఆవిడ పక్క మగ్గాల మీద నేసే బెట్సీ క్రాన్‌షా పనికి పోయింది. బెట్సీకి నా అన్నవాళ్ళు లేరు, ఒక్క కూతురు తప్ప. ఆ పిల్లకి ఛాతీ జబ్బు. ఇంట్లో బొగ్గు అయిపోయింది, మందు అయిపోయింది. సంఘం ఇచ్చేది రొట్టెకే చాలేది కాదు. బెట్సీ తల దించుకుని లోపలికి పోయింది, సాయంత్రం తల దించుకుని బయటికొచ్చింది. మొదటి దెబ్బ హెస్టర్ వంతు. కొట్టింది. గట్టిగా కొట్టింది. ఇన్నాళ్ళు పక్కపక్కన పనిచేసిన మనిషి, ఒక ముంతలో టీ తాగిన మనిషి. ఆ చలిలో వీధి పొడుగునా ఆవిడ వెనకే నడిచి, మూసిన తలుపు ముందు నిలబడి, లోపల పిల్ల దగ్గుతున్నా వినిపించనంత మోత మోగించింది.

మర్నాడు బెట్సీ మళ్ళీ సమ్మెలోకి వచ్చేసింది. తన గిన్నె మూత తనే తెచ్చుకుని గేటు దగ్గర నిలబడింది. హెస్టర్ ఆవిడ భుజమ్మీద చెయ్యి వేసి, కోపం పెట్టుకోకు, నియమం నియమమే, నా కన్నకొడుకైనా అంతే చేసేదాన్ని అంది. బెట్సీ తలూపింది. ఆ మాట అప్పుడు గేటు దగ్గరున్న వాళ్ళందరూ విన్నారు. భలే మనిషి హెస్టర్ అనుకున్నారు.

జట్టు ఫైనల్‌కి చేరింది.

ఫైనల్ వచ్చే శనివారమనగా ఆదివారం మధ్యాహ్నం ఎల్లిస్ తల్లి ఇంటికి భోజనానికి వచ్చాడు. ఆటగాళ్ళందర్నీ సముద్రం ఒడ్డుకు తీసుకుపోయి అక్కడ ఆడించి, అటునుంచటే లండన్ తీసుకెళ్తారు. సాయంత్రం రైలు. హెస్టర్ ఉల్లిపాయలు వేసి బోటి వండింది. అరువు తెచ్చిన బోటి. ఎల్లిస్ తినకుండా చెంచాతో కెలుకుతూ కూర్చున్నాడు. వంకర తిరిగిన వేళ్ళు, గుమ్మం పట్టనంత భుజాలు, అమ్మ ముందు మాత్రం బడి ఎగ్గొట్టి దొరికిపోయిన వాడి మొహం.

"నెల్ రేపు లోపలికి వెళ్తుందమ్మా" అన్నాడు.

నెల్ అతని పెళ్ళాం. సమ్మెకు ముందు అదే షెడ్డులో నేసేది.

"ఏ లోపలికి?"

"ఏ లోపలికో నీకు తెలుసు."

హెస్టర్ చేతిలో గరిటె అలాగే ఉంది. ఎల్లిస్ బల్ల వైపు చూస్తూ చెప్పుకొచ్చాడు. దొర పిలిపించాడట. కుర్చీ కూడా వేయించాడట. స్కాట్లండ్ నుంచి ఇంకో గోల్‌కీపర్ని తెచ్చి సిద్ధంగా ఉంచుకున్నాడట, ఎల్లిస్ కంటే చెయ్యెత్తు మనిషి.

"'సోమవారం నీ పెళ్ళాం మగ్గం దగ్గర కనిపిస్తే, శనివారం నువ్వు గోల్లో కనిపిస్తావు' అన్నాడు. అంతే అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చేతిలో టోపీ ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయా."

"నోరు లేదా నీకు?"

"నోరుంటే గోల్లో ఎందుకు నిలబడతానే అమ్మా, నీలాగా సంఘంలో నిలబడేవాణ్ణి."

మామూలు రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. నవ్వలేదు. ఎల్లిస్ అసలు వచ్చిన పని చెప్పాడు. రేపు సాయంత్రం నువ్వు కొట్టకపోతే ఇంకెవరూ కొట్టరు, అదొక్కటీ చెయ్యి, నెల్ పాపం వీధిలో ఒక్కతే నడవాలి, నేను అక్కడ సముద్రం ఒడ్డున ఉండి బంతి మీద మనసు పెట్టాలి అన్నాడు.

"బెట్సీకి నేనే కొట్టానురా" అంది హెస్టర్.

"బెట్సీకి ఫైనల్ ఆడే కొడుకు లేడు కదా."

అనేశాక వాడి మెడ ఎర్రబడింది. తల్లి మొహం చూడలేకపోయాడు. హెస్టర్ ఆ గరిటెతోనే వాడి మూతి మీద కొట్టాల్సింది. లేదా, ఆడకపోతే చావవులే, టోపీ పెట్టుకుని దొర దగ్గరికి పోయి కుదరదని చెప్పు అనాల్సింది. అవేవీ చెయ్యలేదు. వాడి పళ్ళెంలో ఇంకాస్త బోటి వడ్డించింది.

తల్లి కదా, కడుపుతీపి అని సరిపెట్టుకోవచ్చు. ఊరు అలాగే సరిపెట్టుకుంది. కానీ అది అబద్ధం. హెస్టర్‌కి కూడా కప్పు కావాలి. కొన్ని నెలలుగా ఆవిడ వీధిలో నడుస్తుంటే మగవాళ్ళు పక్కకు తప్పుకుంటున్నారు. రొట్టెల దుకాణంలో వరసలో ముందుకు పంపిస్తున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరికీ పట్టని నేతగత్తె ఇప్పుడు గోల్‌కీపర్ తల్లి. శనివారం ఆ స్కాట్లండ్ వాడు గోల్లో నిలబడితే ఆదివారం నుంచి మళ్ళీ వట్టి హెస్టర్. ఆ లెక్క ఆవిడ మనసులో నడిచింది. నడిచిందని ఆవిడకి తెలుసు.

సోమవారం సాయంత్రం గేటు దగ్గర ఎన్నడూ లేనంత జనం. నెల్ లోపలికి పోయిన సంగతి పొద్దున్నే ఊరంతా పాకింది. అందరి చేతుల్లోనూ రేకులున్నాయి. ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోవడం లేదు. సంఘం కార్యదర్శి జేబెజ్ నటల్ ఒక పక్క నిలబడి మాటిమాటికీ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. హెస్టర్ పక్కనే బెట్సీ, తన మూత, తన చువ్వ.

కూత కూసింది. చిన్న తలుపు తెరుచుకుంది. నెల్ శాలువా కళ్ళ దాకా లాక్కుని బయటికొచ్చింది. ఒంటిమీంచి ఇంకా ఆవిరి పొగలా లేస్తోంది. నడవాల్సింది, నడవలేదు. అత్తగారి ముందుకొచ్చి నిలబడింది.

"కొట్టేదేదో కొట్టత్తా. ఇంటికెళ్ళాలి" అంది.

పొగరుతో అనలేదు. చలిలో నిలబడ్డ మనిషి, కానివ్వండి త్వరగా అన్నట్టు అంది. ఆ సాయంత్రం అక్కడున్న మొత్తం జనంలో నియమాన్ని గౌరవించింది తప్పు చేసినావిడ ఒక్కతే. హెస్టర్ మూత ఎడమ చేతిలో ఉంది. చువ్వ కుడి చేతిలో ఉంది. రెంటికీ మధ్య జానెడు దూరం. ఆ జానెడూ దాటలేదు.

అప్పుడు జేబెజ్ కళ్ళద్దాలు పెట్టుకుని మాట్లాడాడు. "శనివారం పోనివ్వండి. వాడక్కడ ఈ మాట విన్నాడంటే చేతిలో బంతి నిలవదు. శనివారం దాటాక ఎవరికైనా ఒకటే నియమం" అన్నాడు.

జనం ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. సిగ్గుపడాల్సింది ఆ చప్పుడుకి. వెనక ఎవడో, కప్పు కూడా మన పనే కదా అన్నాడు. ఇంకొకడు, దొర కప్పు కాదు మన కప్పు అన్నాడు. తలా ఒక మాట అనుకుని, ఆ మాటల కింద దాక్కున్నారు. నెల్ ఒక్కతే నడుచుకుంటూ పోయింది. ఆవిడ చెక్క చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది.

"నా ఇంటి ముందు శనివారం దాకా ఎవరూ ఆగలేదే" అంది బెట్సీ.

గట్టిగా అనలేదు. హెస్టర్‌కి వినపడేంతే అంది. వంగి, తన గిన్నె మూతని రాళ్ళ మీద చప్పుడు కాకుండా పెట్టింది. చువ్వ మాత్రం ఇంట్లో పొయ్యికి కావాలి కాబట్టి పట్టుకుపోయింది.

మంగళవారం పొద్దున బెట్సీ పనికి పోయింది. సాయంత్రం ఆవిడ వెనక నడవాలంటే మొదటి దెబ్బ హెస్టర్ కొట్టాలి. ఏ మొహం పెట్టుకుని కొడుతుంది? గేటు దాకా వచ్చి, ఇంటికి తిరిగిపోయింది. బుధవారం ఇంకొందరు లోపలికి పోయారు. ఆపబోతే, గోల్‌కీపర్ పెళ్ళానికి లేనిది మాకేంటని అడిగారు. సమ్మెని దొర విరగ్గొట్టలేదు. పోలీసులు విరగ్గొట్టలేదు. ఆకలి కూడా విరగ్గొట్టలేదు, ఆకలితో మా ఊరికి పాత పరిచయం. తలో మనిషికీ ఒక్కో నియమం అని తెలిసిన పూట అది దానంతట అదే విరిగింది. శుక్రవారానికల్లా షెడ్డు పైకప్పు మీద ఆవిరి మళ్ళీ తెల్లగా లేచింది.

శనివారం లండన్ నుంచి తంతి మీద వచ్చే ఆట కబుర్లు కాగితాల మీద రాసి పబ్బు కిటికీలో అంటించారు. కిటికీ ముందు వీధంతా జనం. మొదటి సగంలో ఒక గోలు మనది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఆట అయిపోవస్తుండగా, అవతలి జట్టుకి పెనాల్టీ అని ఒక కాగితం. వీధి బిగుసుకుపోయింది. తర్వాతి కాగితం: హోల్గేట్ ఆపాడు.

హెస్టర్ గెంతింది. ముక్కూమొహం తెలియని వాణ్ణి కౌగిలించుకుంది. ఏడ్చింది, నవ్వింది, ఆ ఆపినవాడు నా కొడుకు అని అందరికీ తెలిసిన సంగతే అందరికీ చెప్పింది. అదంతా నిజమైన సంతోషం. అందులో కల్తీ ఏమీ లేదు, అదే దారుణం. రొప్పు తగ్గాక చుట్టూ చూస్తే, శాలువాలు తడిసిన ఆడవాళ్ళు కనిపించారు. శనివారం సగం పూట పని ముగించుకుని షెడ్డు నుంచి నేరుగా వచ్చినవాళ్ళు. వాళ్ళూ నవ్వుతున్నారు, నవ్వుతూనే దగ్గుతున్నారు.

సోమవారం కప్పు ఊళ్ళోకి వచ్చింది. గుర్రపు బండి, ముందు బ్యాండు, బండిలో దొర పక్కనే ఎల్లిస్. రేకుమోత కోసం ఇంటింటా దాచిన మూతలన్నీ బయటికొచ్చి ఆ రోజు జట్టు కోసం మోగాయి. బండి హెస్టర్ గుమ్మం ముందు ఆగింది. కప్పు నిండా బీరు పోసి మొదటి గుక్క గోల్‌కీపర్ తల్లికి ఇవ్వాలన్నారు. ఎల్లిస్ రెండు చేతులా పట్టుకుని తెచ్చాడు. తల్లి కళ్ళలోకి చూడలేదు, అంచు వైపే చూశాడు. దొర బండి దిగి, టోపీ తీసి, ఊరంతా వినేలా కాకుండా ఆవిడ ఒక్కదానికే చెప్పాడు.

"గేటు దగ్గర మీరు చేసిన మేలు నేను మరిచిపోనమ్మా."

ఇన్నేళ్ళలో ఆయన ఆవిడని అమ్మా అన్నది అదొక్కసారే. హెస్టర్ కప్పు నోటికి ఎత్తింది. తాగింది. తాగకపోతే ఏమయ్యేది? ఏమీ కాకపోవచ్చు. కానీ తాగింది. వీధంతా కేక పెట్టింది.

మర్నాడు సాయంత్రం ఆవిడ గిన్నె మూత, చువ్వ తీసుకుని మిల్లు గేటు దగ్గరికి పోయి ఒక్కతే నిలబడింది. శనివారం దాటింది కదా, ఎవరికైనా ఒకటే నియమం అన్నారు కదా. జేబెజ్ రాలేదు. ఎవరూ రాలేదు. రావాల్సినవాళ్ళంతా లోపలే ఉన్నారు. కూత కూసింది, తలుపులు తెరుచుకున్నాయి, జనం పొగలు కక్కుతూ బయటికి వచ్చారు. నెల్ కనిపించింది. హెస్టర్ ఆవిడ వెనక్కి చేరి మొదటి దెబ్బ కొట్టింది.

నెల్ ఆగి వెనక్కి చూసింది. అర్థమైంది ఆవిడకి. శాలువా సర్దుకుని, ముందుకు తిరిగి, ఎలా నడవాలో అలా నడిచింది. హెస్టర్ వెనకే కొట్టుకుంటూ నడిచింది. రెండిళ్ళు దాటలేదు, పక్కనుంచి ఒక కుర్ర నేతగత్తె నవ్వుతూ చెక్క చెప్పు తీసి గోడకేసి కొట్టడం మొదలెట్టింది. ఇంకొకతె టీ డబ్బా అందుకుంది. ఎవడో ఎల్లిస్ పేరు ఎత్తాడు, వీధంతా అందుకుంది. నిన్నటి పండగ ఇంకా దిగలేదు వాళ్ళకి. గోల్‌కీపర్ తల్లి, గోల్‌కీపర్ పెళ్ళాం, ముందొకరు వెనకొకరు, రేకుల మోత. వాళ్ళకి ఇంకేం కావాలి?

"అందుకు కాదు" అంది హెస్టర్. "ఇది అందుకు కాదర్రా. సమ్మె తప్పినందుకు."

"సమ్మె ఎక్కడుంది హెస్టరక్కా, కొట్టు" అన్నాడొకడు, నిజంగానే ముద్దుగా.

ఇద్దరు ఆడవాళ్ళు నెల్‌ని భుజాల మీదికి ఎత్తుకోబోయారు. నెల్ విదిలించుకుని, మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని పరిగెత్తింది. సిగ్గుపడుతోంది చూడండే అని నవ్వారు. హెస్టర్ కొట్టడం ఆపేసింది. ఆపినా మోత ఆగలేదు. ఆ జనం పక్కనుంచి, గోడ వారగా, శాలువా నోటికి అడ్డం పెట్టుకుని బెట్సీ నడిచిపోతోంది. హెస్టర్ దారికి అడ్డం వెళ్ళి నిలబడింది. బెట్సీ తప్పుకుని పోలేదు. హెస్టర్ చేతిలోని మూత వైపు చూసింది.

"నాకు కొట్టినప్పుడు ఇంతకంటే గట్టిగా కొట్టావు" అంది. "పిల్ల ఇప్పటికీ గిన్నె కింద పడితే ఉలిక్కిపడుతుంది."

హెస్టర్ ఏదో అనబోయింది.

"వద్దు. ఇంట్లో పొయ్యి వెలిగించాలి" అని బెట్సీ వెళ్ళిపోయింది.

ఆ వారం చివరికి హెస్టర్ కూడా పనికి పోయింది. పోక ఏం చేస్తుంది, సంఘం చేతులెత్తేసింది. కొడుకు డబ్బు పంపితే తిప్పి పంపింది. దొర మేస్త్రీకి ముందే చెప్పి ఉంచాడు, పాత మగ్గాలే ఇచ్చారు, బెట్సీ పక్కన. షెడ్డులో మగ్గాల మోతకి మాట వినపడదు. నేతగాళ్ళు పెదాలతో మాట్లాడుకుంటారు. గొంతు అక్కర్లేదు, మొహం ఇటు తిప్పితే చాలు. అలాగే ఇద్దరూ ఇన్నేళ్ళు మగ్గాల మీదుగా మొగుళ్ళ గురించి, ధరల గురించి, పిల్ల దగ్గు గురించి మాట్లాడుకున్నారు.

గొట్టాల్లోంచి ఆవిరి దిగుతోంది. హెస్టర్ మగ్గంలో అటూ ఇటూ పోగు నడిపే నాడె మార్చి, మగ్గం కదిలించి, అటు తిరిగింది. నాదే తప్పు బెట్సీ, నిన్ను కొట్టిన చెయ్యి నా వాళ్ళ మీద లేవలేదు అని పెదాలతో అంది. నెమ్మదిగా, ప్రతి మాటా విడివిడిగా కనబడేలా అంది. అవతలి వరసల్లో ఉన్నవాళ్ళు చదివారు. చదివి, ఒక్కొక్కరే తల దించుకుని తమ పోగుల వైపు తిరిగారు.

బెట్సీ బట్ట మీంచి చూపు ఎత్తలేదు.